లోపలి గడ్డకి వెలుతురు తగిలేదెలా: చైనా గ్రాస్, సిరా, కాపడం లైటుతో చేసి చూపించే పద్ధతి

మా అమ్మ మోకాళ్ల నొప్పులకని శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక సర్జికల్ షాపులో కాపడం లైటు కొన్నాం. 150 వాట్ల ఎర్ర బల్బు, ఎటు కావాలంటే అటు వంగే స్టాండు. అమ్మ నాలుగు రోజులు పెట్టుకుని, "దీనికంటే ఉప్పు మూట నయమే" అని పక్కన పడేసింది. ఏడాదిపాటు మంచం కింద దుమ్ము తిన్న ఆ లైటే ఇప్పుడు నా సైన్సు క్లాసుకి పెద్ద దిక్కు.

నేను నరసన్నపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. ఒకరోజు మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మాస్టారి ఫోనుకి మెసేజ్ వచ్చింది: లేజర్ వేస్తే క్యాన్సర్ గడ్డ కరిగిపోతుందట, ఆపరేషన్ అక్కర్లేదట. మధ్యాహ్నం భోజనం గంటకల్లా అది తొమ్మిదో తరగతి దాకా పాకింది. ఒక పిల్ల లేచి, "మేడం, గడ్డ లోపల కదా ఉంటాది. లైటు ఎలగ తగుల్తాది? మద్దిన చర్మం కాలిపోదేటి?" అని అడిగింది.

మెసేజ్ పంపినవాళ్లకి రాని అనుమానం ఆ పిల్లకి వచ్చింది. ఆ అనుమానం తీర్చడానికి నేను మూడు శనివారాలు పడ్డ పాట్లు ఇక్కడ రాస్తున్నాను. టీచర్లయినా, పిల్లలున్న ఇంట్లోవాళ్లయినా చేసి చూపించవచ్చు. ఇది వైద్యం కాదు, వైద్యం వెనకున్న ఫిజిక్స్. ఇందులో తయారుచేసేది ఏదీ నోట్లోకి, ఒంట్లోకి వెళ్లకూడదు.

అసలు సంగతి ఇది. మన కంటికి కనిపించే ఎరుపు దాటాక ఉండే వెలుతురుని, అంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని, బాగా పీల్చుకునే అతి చిన్న నలుసుల్ని తయారుచేసి రక్తంలోకి ఎక్కిస్తారు. అవి గడ్డలో చేరాక పైనుంచి వెలుతురు వేస్తారు. చాలా చిన్న మెరుపులుగా వేస్తే నలుసులు శబ్దం పుట్టిస్తాయి, ఆ శబ్దంతో బొమ్మ గీస్తారు. ఆపకుండా వేస్తే నలుసులు వేడెక్కి చుట్టూ ఉన్న కణాల్ని చంపుతాయి. బంగారంతో చేసినవి ముందు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా పని జరుగుతున్నది ఆర్గానిక్ నలుసుల మీద. ఆర్గానిక్ అనగానే మా పిల్లలు ఎరువులు వేయని వంకాయలు అనుకున్నారు. ఇక్కడ దాని అర్థం కార్బన్ పరమాణువుల గొలుసులతో చేసినవని. ఒక్కో నలుసు 100 నానోమీటర్ల అటూ ఇటూ ఉంటుంది, వెంట్రుక మందంలో అలాంటివి ఐదారు వందలు వరసగా పేర్చవచ్చు.

కొనాల్సినవి

చైనా గ్రాస్ 10 గ్రాముల ప్యాకెట్లు రెండు. మా ఊరి కిరాణా కొట్లో లేదు, శ్రీకాకుళంలో సూపర్‌మార్కెట్‌లో దొరికింది. పాలు అర లీటరు. డ్రాయింగుకి వాడే నల్ల సిరా. మెడికల్ షాపులో టింక్చర్ బెంజాయిన్ చిన్న సీసా. రెండు కూర అరటికాయలు, కొంచెం వంటసోడా. చదునైన గాజు గిన్నె ఒకటి, మూత ఉన్న పెద్ద గాజు సీసా ఒకటి, చేపల తొట్టెకి వాడే సన్న గొట్టం ఒక మూర. ఇక థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు జ్వరం దగ్గరే ఆగిపోతాయి. వంటలో గుచ్చి చూసే పుల్ల థర్మామీటరు, పాయింటు తర్వాత ఒక అంకె చూపించేది కొనండి.

లైటు దగ్గర మాత్రం సర్దుకుపోవద్దు. ఎల్‌ఈడీ బల్బు దీనికి దండగ, అందులో మనకి కావలసిన ఇన్‌ఫ్రారెడ్ ఉండదు. ఫిలమెంటు ఉన్న కాపడం బల్బే కావాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే లేజర్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. వెలుతురు రంగుని దాని తరంగం పొడవుతో, నానోమీటర్లలో చెప్తారు. ల్యాబుల్లో వాడే 808 నానోమీటర్ల లేజర్ కంటికి దాదాపు కనిపించదు. కనిపించనిది కంట్లో పడితే రెప్ప వాలదు, మనకి తెలిసేలోపే రెటీనా పోతుంది.

మొదట వేలు

గది చీకటి చేసి ఫోను టార్చి మీద వేలు పెట్టమనండి. వేలంతా ఎర్రగా వెలుగుతుంది. టార్చిలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు అన్నీ ఉన్నాయి, అవతలికి వచ్చింది ఎరుపొక్కటే. మిగతావాటిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేసింది. ఇది ప్రతి పిల్లాడూ ఆడిన ఆటే. కానీ "మరి ఎరుపు ఎందుకు మిగిలిందిరా?" అని అడిగితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

తర్వాత కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు బయటికి తీయండి. మా వీధిలో ఇంటికొకటి ఉంది, బ్యాటరీలే లేవు. అందులో రెండు దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, మనకి కనిపిస్తుంది. రెండోది 940 దగ్గరది, కనిపించదు. ఆ రెండూ వేలిలోంచి దూరి అవతలి గట్టుకి చేరబట్టే ఆక్సిజన్ అంకె వస్తోంది. అంటే మన ఒంట్లోంచి వెలుతురు వెళ్లడం కొత్త వింతేమీ కాదు, 2020 నుంచి మన ఇంట్లో రోజూ చూసిందే.

కనిపించని దీపాన్ని చూడాలంటే టీవీ రిమోటు ముందుభాగాన్ని ఫోను సెల్ఫీ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. తెల్లగానో ఊదాగానో మినుకుమినుకుమంటుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఇది కనిపించదు, ముందు కెమెరాతోనే చూడండి. చీకట్లో రిమోటుకీ కెమెరాకీ మధ్య వేలు అడ్డం పెడితే చుక్క చెదిరిపోయి మసకగా మిగులుతుంది. ఆ మసకే అసలు పాఠం. వెలుతురు ఆగిపోలేదు, దారి తప్పింది. మాంసంలో అది పాలల్లో పడ్డట్టు అటూ ఇటూ కొట్టుకుపోతూ, కొన్ని మిల్లీమీటర్లకోసారి సగానికి పడిపోతుంది.

అందుకే శాస్త్రవేత్తలు రెండు కిటికీలు చూసుకున్నారు. సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల దాకా ఒకటి: అంతకు ముందు రక్తం మింగుతుంది, 980 దగ్గర నీళ్లు మింగుతాయి. అది దాటాక 1000 నుంచి 1350 దాకా రెండోది: ఇక్కడ చెదిరిపోవడం ఇంకా తగ్గుతుంది. మొదటి కిటికీకి 808 లేజర్, రెండోదానికి 1064 లేజర్ ఎక్కువగా వాడతారు. ఈ రెండు అంకెలూ బోర్డు మీద ఒక మూల రాసి ఉంచండి, మళ్లీ వస్తాయి.

నలుసు పుట్టడం

గాజు గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోయండి. టింక్చర్ బెంజాయిన్ ఐదు చుక్కలు, ఒక్కొక్కటిగా, గరిటెతో తిప్పుతూ వేయండి. నీళ్లు క్షణంలో పాలలా తెల్లబడతాయి. టింక్చర్ అంటే స్పిరిట్‌లో కరిగిన సాంబ్రాణి బంక. స్పిరిట్ నీళ్లతో కలిసిపోతుంది, బంకకి మాత్రం నీళ్లు గిట్టవు. తప్పించుకునే చోటు లేక అక్కడికక్కడే ముడుచుకుని నలుసులైపోతుంది.

మొదటిసారి నేను చుక్కల లెక్క ఎవడు చూస్తాడులే అని మూత నిండా ఒకేసారి ఒంపేశాను. పాలు రాలేదు, ముద్దలొచ్చాయి. అమ్మ కాఫీ గ్లాసు అడుగున జిగురు పట్టింది, స్పిరిట్ పోసి రుద్దితే గానీ వదల్లేదు. కాఫీకి రెండు రోజులు సాంబ్రాణి వాసన. అయితే ఆ పొరపాటు పాఠానికి పనికొచ్చింది. కొంచెం కొంచెంగా, వేగంగా కలుపుతూ వేస్తే నలుసు చిన్నదవుతుంది. తొందరపడితే ముద్ద కడుతుంది. ల్యాబుల్లో చేసేదీ ఇదే కిటుకు. వెలుతురు పీల్చే పాలిమర్‌ని, అంటే పొడుగాటి గొలుసు పదార్థాన్ని, టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకంలో కరిగించి, సబ్బులాంటి పదార్థం తోడుగా కలిపి, అల్ట్రాసౌండ్‌తో ఊపుతున్న ఎక్కువ నీళ్లలోకి కొద్దిగా తీసుకుని సిరంజితో చటుక్కున కొడతారు, ఆ ఊపే ముద్ద కట్టనివ్వదు. తర్వాత ద్రావకాన్ని తీసేస్తారు. సబ్బు పదార్థం నలుసు చుట్టూ కోటులా నిలబడి, ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడుతుంది.

గ్లాసుని పారబోయకండి. చీకట్లో పక్కనుంచి టార్చి కొడితే నీళ్లు కాస్త నీలంగా కనిపిస్తాయి. టార్చికి ఎదురుగా నిలబడి గ్లాసులోంచి చూస్తే దీపం పసుపుగానో నారింజగానో ఉంటుంది. కళింగపట్నం బీచిలో పొద్దున్నే సముద్రం మీంచి లేచే సూర్యుడి రంగు. చిన్న నలుసులు నీలాన్ని చెదరగొట్టి ఎరుపుని వదిలేస్తున్నాయన్నమాట. ఎంత పొడుగు తరంగమైతే అంత తక్కువ చెదురుతుంది. 808 కన్నా 1064 ఎందుకు మేలో ఈ గ్లాసే చెప్పేసింది.

ఇప్పుడు నలుపు. కూర అరటికాయ తరిగితే చేతులు, కత్తిపీట నల్లబడతాయి కదా. అరటిలో, ముఖ్యంగా తొక్కలో, డోపమైన్ ఉంటుంది. మెదడులో పనిచేస్తుందని అందరూ చెప్పుకునే డోపమైనే. గాలి తగిలితే అది ఒకదానితో ఒకటి అల్లుకుని మెలనిన్ లాంటి నల్లటి పదార్థమవుతుంది. రెండు కాయల తొక్కలు మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి, చిటికెడు వంటసోడా కలిపి, వెడల్పాటి పళ్లెంలో రాత్రంతా మూత పెట్టకుండా ఉంచండి. నాది తెల్లారేసరికి చిక్కటి టీ డికాషన్ రంగుకొచ్చింది, కాటుక నలుపు మాత్రం రాలేదు.

ల్యాబులో ఇదే పని శుభ్రంగా చేస్తారు. మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాముల డోపమైన్, పీహెచ్ 8.5 ఉన్న ద్రావణం, గాలి. కొన్ని గంటల్లో నల్లబడుతుంది. సముద్రంలో రాళ్లని కరిచిపట్టుకుని అలలకి ఊడని మస్సెల్ చిప్పల జిగురు చూసి, అమెరికాలో మెసర్‌స్మిత్ బృందం 2007లో ఈ పద్ధతి ప్రకటించింది. అప్పట్లో వాళ్లది పూతల గొడవ, దేనికైనా అంటుకునే పూత కావాలి. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఆ నల్లటి గోళాల్నే ఎలుకల గడ్డల్లో పెట్టి లేజర్‌తో వేడి చేశారు.

మెలనిన్‌కి ఒక లోటుంది. అది అన్ని రంగుల్నీ పీలుస్తుంది గానీ ఎరుపు దాటి ముందుకు వెళ్లేకొద్దీ పీల్చడం తగ్గుతుంది. అందుకని కావలసిన చోటే గట్టిగా పీల్చే పాలిమర్లు కట్టుకుంటున్నారు. గొలుసులో ఎలక్ట్రాన్ ఇచ్చే ముక్క ఒకటి, పుచ్చుకునే ముక్క ఒకటి, మళ్లీ ఇచ్చేది, మళ్లీ పుచ్చుకునేది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత బలంగా ఉంటే పీల్చే వెలుతురు అంత దూరం ఇన్‌ఫ్రారెడ్‌లోకి జరుగుతుంది. ఇలాంటి సెమీకండక్టింగ్ పాలిమర్ నలుసులతో స్టాన్‌ఫర్డ్‌లో 2014లో బతికున్న ఎలుకల్లో శబ్దపు బొమ్మలు తీశారు. అంతకు ముందు 2011లో టొరంటో వాళ్లు రక్తం ఎరుపుకీ ఆకు పచ్చకీ మూలమైన పోర్ఫిరిన్‌ జాతి అణువులతోనే నలుసులు కట్టారు. నాకు వీటన్నిటిలోకీ ఆ పోర్ఫిరిన్ పనే ఎక్కువ ముచ్చటేసింది, ఒంటికి తెలిసిన సరుకు కదా.

ఇంత శ్రమ ఎందుకు, రంగు నీళ్లు ఎక్కిస్తే చాలదా అని ఒక బాబు అడిగాడు. ఎక్కిస్తున్నారు కూడా. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుకి అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది, కంటి రక్తనాళాలు చూడటానికి ఇప్పటికీ వాడతారు. 800 నానోమీటర్ల దగ్గర బ్రహ్మాండంగా పీలుస్తుంది. కానీ కాలేయం దాన్ని నిమిషాల్లో తుడిచేస్తుంది, పైగా గట్టి వెలుతురు పడితే వెలిసిపోతుంది. నలుసుగా మూట కడితే ఎక్కువసేపు నిలుస్తుంది.

వెలుతురు చేసే శబ్దం

ఈ భాగం చేస్తున్నప్పుడు టింక్చర్ సీసా మూత బిగించి ఇంకో గదిలో పెట్టండి, అందులో ఉన్నది స్పిరిట్. మసి పట్టడం పెద్దవాళ్లే చేయాలి.

మా ఇంట్లో 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు కరెంటు లేక కొన్న కిరోసిన్ లాంతరు ఇంకా ఉంది. చిమ్నీ తీసి, వత్తి పెంచి, గాజు సీసాని ఏటవాలుగా పట్టుకుని లోపలి గోడకి సగం వరకూ మసి పట్టించాను. ఒకేచోట ఉంచితే గాజు పగులుతుంది, తిప్పుతూ ఉండాలి. మిగతా సగం శుభ్రంగా ఉండాలి, వెలుతురు లోపలికి వచ్చేది అటునుంచే. మూతకి చిన్న కంత పెట్టి గొట్టం దూర్చి, చుట్టూ మైనం పెట్టండి. సీసాలో శుభ్రంగా ఉన్న వైపుని కాపడం లైటుకి ఒక అడుగు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపి, గొట్టం చెవిలో పెట్టుకోండి.

బుంయ్ మని వినిపిస్తుంది. లైటు ముందు అట్ట అడ్డం పెడితే ఆగిపోతుంది, తీస్తే మళ్లీ మొదలు. మా క్లాసులో 38 మంది పిల్లలూ వరసకట్టి విన్నారు, కొందరు రెండోసారి కూడా వచ్చి నిలబడ్డారు.

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి బల్బు వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మసి అన్నిసార్లూ వేడెక్కి చల్లారుతుంది, దాన్ని ఆనుకున్న గాలి ఉబ్బి ముడుచుకుంటుంది. అదే చప్పుడు. వెలుతురుని శబ్దంగా మార్చవచ్చని అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు, టెలిఫోను వచ్చిన నాలుగేళ్లకి.

ఈ పరిశోధనల్లో వాడే యంత్రంలో బల్బుకి బదులు లేజర్, అదీ కొన్ని నానోసెకన్ల మెరుపు. గడ్డలో నల్లటి నలుసులు ఆ కాసేపట్లో డిగ్రీలో వెయ్యో వంతు స్థాయిలో వేడెక్కినా చాలు, చుట్టూ ఉన్న కణజాలం ఉలిక్కిపడి అల్ట్రాసౌండ్ వదులుతుంది. కడుపు స్కానింగులో వాడే లాంటి ప్రోబే పైన ఆనించి వింటుంది. శబ్దం మాంసంలో సెకనుకి సుమారు 1,540 మీటర్లు పోతుంది, 5 సెంటీమీటర్ల లోతునుంచి పైకి రావడానికి దాదాపు 32 మైక్రోసెకన్లు. ఎంత ఆలస్యంగా వినిపిస్తే గడ్డ అంత లోతు. మెరుపు చూసి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పే మా తాతగారి లెక్కే ఇది.

వెలుతురు లోపలికి వెళ్లేటప్పుడు చెదిరినా ఫర్వాలేదు, నలుసుని తాకితే చాలు. బయటికి వచ్చే కబురు శబ్దం మోస్తుంది, శబ్దం వెలుతురంతగా చెదరదు. అందుకే కొన్ని సెంటీమీటర్ల లోతులోనూ బొమ్మ అంచులు తేటగా వస్తాయి. ఇది విన్నాక ఆ పిల్ల "అంటే ఎలతాది లైటు, వస్తాది సౌండు" అంది. నేను అరగంట చెప్పింది నాలుగు మాటల్లో తేల్చేసింది.

వేడి

ఇక్కడే నాకు రెండు వారాలు పోయాయి.

మొదట జెల్లీ ప్యాకెట్‌తో చేశాను. ఎండాకాలం గదిలోనే అది జారిపోతుంది, లైటు పెట్టగానే పాయసమైపోయింది. చైనా గ్రాస్ అలా కాదు. కాస్తే 85 డిగ్రీలకి కరుగుతుంది, చల్లారి 40 లోపు గడ్డకడుతుంది, మళ్లీ 85 దాకా కరగదు. ముప్పావు లీటరు నీళ్లలో 10 గ్రాముల ప్యాకెట్ వేసి పూర్తిగా కరిగేదాకా మరిగించి, దించాక పావు లీటరు గోరువెచ్చటి పాలు కలపండి. పాలు మన మాంసంలాగే వెలుతురుని చెదరగొడతాయి. ఒక చెంచాడు ద్రవం విడిగా తీసి సిరా మూడు చుక్కలు కలిపి, సోడా సీసా మూతలో పోసి గడ్డకట్టనివ్వండి. అదే మన గడ్డ. ఇంకో మూతలో సిరా లేకుండా. రెండు గిన్నెల్లో సగం పోసి, గట్టిపడ్డాక ఒకదాంట్లో నల్ల ముక్క, ఇంకోదాంట్లో తెల్ల ముక్క పెట్టి, పైన సరిగ్గా 1 సెంటీమీటరు మందం వచ్చేలా మళ్లీ పోయండి. గట్టిపడ్డాక పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కోవాలా తెల్లగా ఉండాలి. నల్లది కనిపిస్తుంటే పాలు తక్కువయ్యాయి. చిన్న ఒప్పుకోలు: సిరాలో ఉన్నది మసి, పైన చెప్పిన పాలిమర్ కాదు. వెలుతురు పీల్చి వేడి చేసే పని మాత్రం అదే.

రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి, థర్మామీటరు పుల్ల పక్కనుంచి ముక్కలోకి గుచ్చి, లైటు వేశాను. పది నిమిషాలు. రెండూ వేడెక్కాయి, దాదాపు సమానంగా. తేడా ఉన్నట్టా లేనట్టా తెలియలేదు. పిల్లలు నా మొహం చూశారు, నేను గిన్నెల మొహం చూశాను.

రాత్రి భోజనం చేస్తుండగా తట్టింది. కాపడం బల్బు వెలుతురులో ఎక్కువ భాగం 1,400 నానోమీటర్లు దాటినదే. దాన్ని నీళ్లు పై పొరలోనే మింగేస్తాయి, రెండు గిన్నెలూ నీళ్లే కదా. ఆ పిల్ల అడిగిన "మద్దిన చర్మం కాలిపోదేటి" అన్నది అక్షరాలా నా కళ్లముందు జరిగింది! తప్పుడు రంగు వెలుతురు వేస్తే కాలేది చర్మమే.

మరి ఆ తప్పుడు రంగుని తీసేదెలా? నీళ్లతోనే. గిన్నెలకి రెండు వైపులా పుస్తకాలు పేర్చి, వాటి మీద చదునైన గాజు గిన్నెలో 5 సెంటీమీటర్ల నీళ్లు పోసి అడ్డం పెట్టండి. మూత వద్దు. లైటు దానిపైన ఒక అడుగు ఎత్తులో, ప్లగ్గూ వైరూ నీళ్లకి దూరంగా. నీళ్లు మింగేదంతా పైనే మింగేస్తాయి, కిందికి దిగేది ముఖ్యంగా మన మొదటి కిటికీ వెలుతురే. చర్మానికి లోతుగా కాపడం పెట్టే కొన్ని యంత్రాల్లో నిజంగానే బల్బు ముందు నీళ్ల అర ఉంటుంది. గాజు గిన్నెలో నీళ్లు వేడెక్కితే లైటు ఆపి మార్చండి.

ఈసారి పది నిమిషాలకి నల్ల ముక్క తెల్లదానికంటే 3.4 డిగ్రీలు ఎక్కువ చూపించింది. పైన చేత్తో తాకితే రెండు గిన్నెలూ ఒకేలా ఉన్నాయి. అరటితొక్క డికాషన్‌తో ఇంకో ముక్క చేస్తే ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ వచ్చింది. మెలనిన్ లోటు ఇంట్లోనే తెలిసింది.

నిజం వైద్యంలో ఎంత వేడి కావాలి? 43 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే కణాలు దెబ్బతింటాయి. 50 దాటితే నిమిషాల పని. 60 దాటితే గుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు ప్రొటీన్ అక్కడికక్కడే గడ్డకడుతుంది. ఇష్టమొచ్చినంత లేజర్ వేయడానికీ లేదు. చర్మానికి హద్దు ఉంది: చదరపు సెంటీమీటరుకి 808 దగ్గర సుమారు 0.33 వాట్లు, 1064 దగ్గర 1 వాటు. బోర్డు మూల రాసిన అంకెలు ఇప్పుడు చూపించండి. ఎలుకల ప్రయోగాల్లో చాలాచోట్ల ఈ హద్దు దాటే వేస్తారు, ఎలుక చర్మం కింద గడ్డ అరసెంటీమీటరు లోతులోనే ఉంటుంది. ఈసారి ఎవరైనా మెసేజ్ పంపితే గడ్డ ఎవరిది, ఎంత లోతు, ఎన్ని వాట్లు అని అడగండి. మా మాస్టారిని అడిగితే ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

గిన్నె చూపించలేనిది

మన గిన్నెలో నల్ల ముక్కని చేత్తో పెట్టాం. ఒంట్లో నలుసు తనంతట తాను వెళ్లాలి. గడ్డలో హడావిడిగా పుట్టిన రక్తనాళాలకి గోడలు వదులుగా ఉంటాయి, నలుసులు అక్కడ కారి నిలిచిపోతాయి అని 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా చెప్పారు. దాని మీదే ఈ రంగమంతా నిలబడింది. అయితే 2016లో టొరంటోలో పదేళ్ల ప్రయోగాలన్నీ కూడి చూస్తే, ఎక్కించిన నలుసుల్లో గడ్డకి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేలింది. మిగతావి ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. మూత్రపిండాలు వడకట్టేది 6 నానోమీటర్ల లోపువాటినే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో చుట్టాలున్నవాళ్లం కాబట్టి మా క్లాసులో కిడ్నీ సంగతి వేరే అడగకుండా ముందుకు వెళ్లనివ్వరు. ఈ నలుసులు పెద్దవి, వాటి దారి కాలేయం వైపు. ఆర్గానిక్ వాటికి అక్కడ మెల్లగా ముక్కలయ్యే అవకాశం ఉంది, బంగారం అలా కరగదు.

ఇదంతా చెప్పాక ఆ పిల్ల మిగిలిన చైనా గ్రాస్ అడిగి తీసుకుంది. తర్వాతి శనివారం రెండు గిన్నెలు చేసుకొచ్చింది, ముక్క మీద 3 సెంటీమీటర్ల మందం పోసి. నీళ్ల అర పెట్టి పది నిమిషాలు లైటు వేశాం. నల్లదానికీ తెల్లదానికీ తేడా సున్నా. నోటుబుక్కులో "3 సెం.మీ. – లేదు" అని రాసుకుంది. నేను అప్పుడు, మనుషుల ప్రొస్టేట్ గడ్డల్లో బంగారు పూత నలుసులతో అమెరికాలో చేసిన ప్రయోగంలో వెలుతురుని బయటినుంచి వేయలేదని, సన్నటి ఆప్టికల్ ఫైబర్లు లోపలికే గుచ్చారని చెప్దామని నోరు తెరిచాను.

చెప్పేలోపే తను ల్యాబు బీరువా దగ్గరికి వెళ్లి రెండు గాజు కడ్డీలు తెచ్చింది. రెండు గిన్నెల్లోనూ ముక్క తగిలేదాకా నిలువుగా గుచ్చింది. "రెండింటికీ ఎందుకే?" అంటే, "కడ్డీ వేడెక్కితే రెండూ సమానంగా ఎక్కాల మేడం" అంది. లైటు వేశాం. ఆరో నిమిషంలో నల్ల ముక్క అంకె కదిలింది. పది నిమిషాలకి తేడా 0.6. బెల్లు కొట్టారు, ఎవరూ లేవలేదు.